చదివింది నిలవట్లేదన్న షిఫ్టు కెమిస్టు: నిద్ర, జ్ఞాపకశక్తి మీద ఒక కేస్ స్టడీ

జ్ఞాపకశక్తి తగ్గిపోయిందని ఈమధ్య నా క్లినిక్‌కి వస్తున్నవాళ్లలో అరవై దాటిన పెద్దవాళ్ల కన్నా పాతికేళ్ల కుర్రాళ్లే ఎక్కువ కనిపిస్తున్నారు. నీట్, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) పిల్లల్ని తల్లిదండ్రులు తీసుకొస్తారు. గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదివేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఇక్కడ రాస్తున్నది రెండో రకం. నిద్ర సరిపోకపోతే చదువు ఎక్కదని అందరికీ తెలిసిందే, దానికో కేసు ఎందుకు అనిపించొచ్చు. ఇతని విషయంలో నిద్ర తక్కువ కావడం సగం సంగతే. ఏ చదువు తర్వాత ఏ నిద్ర వస్తోంది అన్నది మిగతా సగం, మేం ఎక్కువ పనిచేసింది దాని మీదే. అతని అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

వచ్చిన సమస్య

వయసు 27. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి విశాఖ దగ్గర పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో, నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో కెమిస్టుగా చేస్తున్నాడు. గాజువాకలో మేడ మీద రెండు గదుల పోర్షన్‌లో అమ్మ, డిగ్రీ చదివే చెల్లెలు, తను ఉంటారు. నాన్న లేరు. ఉద్యోగం మానేసే వీల్లేదు, షిఫ్టుల్లోనే జీవితం గడిచిపోవడమూ ఇష్టం లేదు. అందుకని రెండేళ్లుగా గ్రూప్-2కి చదువుతున్నాడు.

“చదువుతున్నంతసేపూ అంతా వచ్చేస్తాది మేడమ్. నాలుగు రోజులాగి బిట్లు పెట్టుకుంటే నాలుగు ఆప్షన్లూ ఎక్కడో చూసినట్టే ఉంటాయి. గట్టిగా ఇదీ అని ఒక్కటీ పెట్టలేను.”

ఈ ముక్క ఉన్నదున్నట్టు నోట్స్‌లో రాసుకున్నాను. మతిమరుపు జబ్బు మొదలైనవాళ్లు సాధారణంగా ఇలా చెప్పరు, వాళ్ల బదులు ఇంట్లోవాళ్లు చెప్తారు. చూసినట్టు అనిపించడం వేరు, పుస్తకం మూసి తెచ్చుకోగలగడం వేరు. ఇతనికి మొదటిది ఉంది. ఒక ఉదాహరణ చెప్పమంటే తడుముకోకుండా చెప్పాడు. తూర్పు చాళుక్యుల్లో విజయాదిత్యులు, విష్ణువర్ధనులు ఒకరి వెనక ఒకరు వస్తూనే ఉంటారు. 108 యుద్ధాలు చేసి 108 శివాలయాలు కట్టించాడని చెప్పుకునేది రెండో విజయాదిత్యుడి గురించి, నరేంద్ర మృగరాజన్న బిరుదూ ఆయనదే. అద్దంకి శాసనంలో కనిపించే పండరంగడు మూడో విజయాదిత్యుడి సేనాని, ఆయన్నే గుణగ విజయాదిత్యుడంటారు. ఇవన్నీ ఇతను చాలాసార్లు చదివినవే. గ్రాండ్ టెస్టులో మాత్రం ఆ 108 గుళ్లూ తీసుకెళ్లి గుణగుడికి కట్టబెట్టాడు. తప్పుకి మూడో వంతు మార్కు కోత ఉన్న పరీక్ష అది. తెలియని ప్రశ్న వదిలేయొచ్చు, ఇలా సగం తెలిసినవాటితోనే నష్టం.

అతన్ని నిజంగా భయపెట్టింది ల్యాబ్‌లో జరిగిన సంగతి. ఒక నైట్ షిఫ్టు చివర్లో ఒక శాంపిల్ తూకాన్ని లాగ్‌బుక్‌లో ఇంకో శాంపిల్ ఎదురుగా రాసేశాడు. సీనియర్ పట్టుకున్నాడు, సరిదిద్దారు, పెద్ద గొడవేమీ కాలేదు. కానీ వాళ్ల తాతయ్య చివరి రోజుల్లో మనుషుల్ని గుర్తుపట్టలేకపోయేవారట. రెండూ కలిపి ఆలోచించుకుని టెన్షన్ పడిపోయాడు. నా దగ్గరికి వచ్చేసరికే స్నేహితుడు చెప్పాడని మెడికల్ షాపులో జ్ఞాపకశక్తి క్యాప్సూళ్లు కొని మింగుతున్నాడు.

డైరీలో దొరికింది

షిఫ్టు వారానికోసారి మారుతుంది. ఏ షిఫ్టు ఉదయం 6 నుంచి 2, బీ షిఫ్టు 2 నుంచి రాత్రి 10, సీ షిఫ్టు రాత్రి 10 నుంచి ఉదయం 6. నిద్ర ఎంత అంటే “ఆరు గంటలుంటాది మేడమ్” అన్నాడు. ఈ జవాబు ఎవరు చెప్పినా నేను సగమే నమ్ముతాను. మంచం మీద ఉన్న టైమంతా నిద్ర కింద వేసేసుకుంటారు మనుషులు. మూడు షిఫ్టులూ ఒక చుట్టు తిరిగే దాకా కాగితం మీద డైరీ రాయమన్నాను. ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు, మధ్యలో ఎవరు లేపారు, ఎన్ని టీలు తాగాడు, ఏం చదివాడు, ఎప్పుడు చదివాడు. ఆఖరి రెండూ మామూలు నిద్ర డైరీల్లో ఉండవు. చదువు గురించి వచ్చినవాళ్ల చేత నేను అవి తప్పకుండా రాయిస్తాను.

సీ షిఫ్టు వారం ఇలా ఉంది. ఉదయం ఏడింటికి కంపెనీ బస్సు గాజువాకలో దింపుతుంది. టిఫిన్ చేసి ఏడున్నరకి పుస్తకం పట్టుకుంటాడు, ఎందుకంటే “పొద్దున చదివితే బుర్రకి బాగా ఎక్కుతాది” అని చిన్నప్పట్నుంచీ విన్నాడు. పదిన్నరకి పడుకుంటాడు. ఒంటి గంటకి అమ్మ లేపుతుంది. మళ్లీ మూడింటికి పడుకుంటే ఓ గంట పడుతుంది, ఒక్కోరోజు అదీ పట్టదు. సాయంత్రం ఆన్‌లైన్ క్లాసు, ఆ తర్వాత బస్సు. రోజు మొత్తం మీద మూడున్నర గంటలకి మించని నిద్ర, అదీ ముక్కలుగా.

ఏ షిఫ్టు వారం చూస్తే తేలిగ్గా ఉంటుందనుకుంటాం గానీ అదే అన్నిటికన్నా అన్యాయంగా ఉంది. తెల్లవారుజామున నాలుగుంబావుకి లేస్తాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి గంటన్నర పడుకుంటాడు. ఆ కునుకు వల్ల రాత్రి పన్నెండు దాకా నిద్ర రాదు, కాబట్టి పన్నెండు దాకా చదువుతాడు. బీ షిఫ్టు వారంలో మాత్రం ఆరు గంటలు పడుతోంది. నాతో చెప్పిన ఆరు ఈ వారానిదే. సెలవు రోజున పదకొండు గంటలు ఏకధాటిగా నిద్ర.

డైరీలో ఇంకో గీత నా కంట పడింది. సీ షిఫ్టు రోజుల్లో పక్కన “ఒక మాత్ర” అని రాసుకున్నాడు. ఏం మాత్ర అంటే అలర్జీ మాత్ర. పగలు నిద్ర పట్టడానికి తోటి ఉద్యోగి చెప్పాడట. పాతకాలం అలర్జీ మందులు మత్తు తెప్పిస్తాయి నిజమే. అవి మెదడులోకి వెళ్లి, జ్ఞాపకానికీ ధ్యాసకీ కావాల్సిన అసిటైల్‌కోలిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటాయి కూడా. మత్తు లేచాక కూడా కొంతసేపు ఉంటుంది. అంటే జ్ఞాపకశక్తికి ఒక క్యాప్సూల్, దాన్ని మొద్దుబార్చడానికి ఒక మాత్ర, రెండూ ఒకే రోజు వేసుకుంటున్నాడు.

పరీక్షలు

ముందు ఫిజీషియన్ దగ్గరికి పంపాను. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ బాగానే ఉన్నాయి. విటమిన్ బీ12 కింది అంచులో ఉంటే ఆయన మాత్రలు రాశారు, అలర్జీ మాత్ర ఆపించారు. గురక లేదు, బీపీ లేదు, శరీరం లావు కాదు, కాబట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అనుమానం పెద్దగా రాలేదు. డిప్రెషన్ ప్రశ్నావళిలో స్వల్పంగా వచ్చింది, అందులోనూ నిద్ర, నీరసం మీదున్న ప్రశ్నలకి పడిన మార్కులే ఎక్కువ. ఎప్‌వర్త్ స్కేలు మీద పగటి మత్తు 24కి 15. పది దాటితే పట్టించుకోవాల్సిందే.

జ్ఞాపకశక్తికి పీజీఐ మెమరీ స్కేల్ వాడాను, చండీగఢ్‌లో మన దేశపు మనుషుల కోసం తయారైనది. మొదటిసారి సీ షిఫ్టు దిగి నేరుగా రమ్మన్నాను. రెండోసారి సెలవు కలిసొచ్చి రెండు రాత్రులు సరిగ్గా పడుకున్నాక. మొదటిసారి ధ్యాస భాగంలో అంకెలు వెనక నుంచి చెప్పడం దగ్గర తడబడ్డాడు. సంబంధం లేని మాటల జంటలు గుర్తుపెట్టుకోవడంలో బాగా వెనకబడ్డాడు. పాత సంగతులు, ఈమధ్య సంగతులు, వాక్యాలు విని వెంటనే చెప్పడం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండోసారి ఆ రెండు భాగాలూ మామూలు స్థాయికి వచ్చాయి. ఒకే పరీక్ష రెండోసారి రాస్తే కొంత మెరుగు సహజంగానే వస్తుంది, ఆ మేరకు తగ్గించి చూసినా తేడా మిగిలింది. ఇలాంటి కేసుల్లో క్లినిక్‌కి వీలైన టైముకి ఒక్కసారి పరీక్ష చేసి రిపోర్టు రాసేస్తే, అది మనిషిని గురించి చెప్తోందా ఆ రోజు షిఫ్టుని గురించి చెప్తోందా తేలదు.

తాతయ్యకి వచ్చిన జబ్బు నీకు రాలేదు అని ఆ రోజే స్పష్టంగా చెప్పాను. అంత స్పష్టంగా చెప్పే అవకాశం మాకు ఎప్పుడో గానీ రాదు.

లోపల ఏం జరుగుతోంది

కొత్తగా చదివిన విషయాన్ని మెదడు ముందు హిప్పోక్యాంపస్ అనే భాగం సాయంతో గబగబా పట్టుకుంటుంది. ఆ పట్టు తాత్కాలికం. నిద్రలో, ముఖ్యంగా గాఢనిద్రలో, పగలు పనిచేసిన నాడీకణాల వరసలే మళ్లీ మళ్లీ కదులుతాయి. 1994లో విల్సన్, మెక్‌నాటన్ అనే పరిశోధకులు దీన్ని ఎలుకల్లో చూపించారు. ఎలుక ఒక చోట తిరుగుతున్నప్పుడు కలిసి పనిచేసిన కణాలు, అది నిద్రపోయాక మళ్లీ కలిసి పనిచేశాయి. గాఢనిద్రలో వచ్చే నెమ్మది అలలు, గాఢనిద్రకి ముందొచ్చే రెండో దశ నిద్రలో ఎక్కువగా కనిపించే స్పిండిల్స్ అనే చిన్న చిన్న తరంగాల గుంపులు కలిసి ఈ విషయాన్ని మెదడు పైపొరల్లోకి చేర్చి నిలబెడతాయని ఇప్పుడు మనకున్న అవగాహన. నిద్రపోతే మర్చిపోవడం తగ్గుతుందన్న పరిశీలన మాత్రం ఇంకా పాతది. 1924లోనే కార్నెల్ యూనివర్సిటీలో జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థుల చేత అర్థం లేని అక్షరాలు బట్టీ పట్టించి, కొన్నిసార్లు నిద్రపుచ్చి, కొన్నిసార్లు మెలకువగా ఉంచి అడిగారు. నిద్రపోయినప్పుడు ఎక్కువ మిగిలాయి.

రాత్రి నిద్రలో గాఢనిద్ర మొదటి గంటల్లో ఎక్కువ. రెండో దశ, కలలొచ్చే రెమ్ దశ చివరి గంటల్లో పెరుగుతాయి. సీ షిఫ్టు చేసి పగలు పడుకున్న మనిషికి గాఢనిద్ర ఎలాగోలా దక్కుతుంది, శరీరం దాన్ని ముందు లాక్కుంటుంది. కోత పడేది తర్వాత రావాల్సిన రెండో దశకీ రెమ్‌కీ. ఒంట్లోని గడియారం పగలు కాబట్టి లే లే అంటూనే ఉంటుంది. మన విశాఖలో ఆ బాధ ఇంకాస్త ఎక్కువ. తూర్పు తీరం కావడంతో జూన్‌లో ఐదున్నర కాకముందే సూర్యోదయం అయిపోతుంది. సీ షిఫ్టు దిగిన మనిషి బస్సు కిటికీ పక్కన కూర్చుంటే ఇంటికి చేరే లోపల ముఖం మీద నిండా ఎండ. ఆ వెలుగు మెదడుకి తెల్లారిందని గట్టిగా చెప్పేస్తుంది.

నేర్చుకోవడానికి ముందు నిద్ర కూడా అంతే అవసరం. 2007లో వాకర్ బృందం ఒక రాత్రంతా మేల్కొన్నవాళ్లకి బొమ్మలు చూపించి, నిద్రపోనిచ్చాక అడిగింది. మేల్కొని చూసినవాళ్లు తక్కువ గుర్తుపట్టారు. చూస్తున్నప్పుడు వాళ్ల హిప్పోక్యాంపస్ మామూలుగా పనిచేయలేదని స్కాన్లలో కనిపించింది. ఇతను రాత్రంతా మెలకువగా ఉండి ఉదయం ఏడున్నర నుంచి పదిన్నర దాకా చదువుతున్నాడు, ఆ తర్వాత వచ్చేది ముక్కల నిద్ర. ముందూ దెబ్బే, వెనకా దెబ్బే. ఆ మూడు గంటల్లో కొత్త చాప్టర్లు చదువుతున్నాడన్నది డైరీలో నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి. పాతవి తిరగేస్తున్నా కొంత నయం.

ఇదంతా బొమ్మ గీసి చెప్తే కాసేపు ఆలోచించి, “అంటే బేస్‌లైన్ సెటిల్ అవకుండానే శాంపిల్స్ ఇంజెక్ట్ చేసేస్తన్నానన్నమాట” అన్నాడు. ల్యాబ్‌లో శాంపిల్‌లోని రసాయనాల్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద గీత నిలకడకి రాకుండా శాంపిల్ ఎక్కిస్తే, గీత మీద లేచే ఏ పీక్ ఏ రసాయనానిదో తేలదట. గుణగుడి 108 గుళ్ల సంగతి అతనికి అప్పుడు అర్థమైంది.

ఒప్పించడం

అర్థం కావడం వేరు, ఒప్పుకోవడం వేరు. చదివే గంటలు తగ్గించాలి అన్నాను. అక్కడ ఆగిపోయాం. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ, పౌర గ్రంథాలయం రీడింగ్ హాల్లో అందరూ ఒకర్నొకరు అడుగుకునే మొదటి ప్రశ్న “రోజుకెన్ని గంటలు?” అనే. ఇతను కూడా పాకెట్ నోట్‌బుక్‌లో వారం వారం గంటలు కూడి పెట్టుకున్నాడు. ఆ అంకె తగ్గడమంటే పక్కవాడు దాటిపోవడం. పైగా “నాకు అలవాటైపోయింది మేడమ్, నాలుగు గంటలైనా ఇబ్బందేం లేదు” అన్నాడు.

ఆ అలవాటు గురించి 2003లో పెన్సిల్వేనియాలో వాన్ డాంగెన్, డింజెస్ చేసిన పని చెప్పాను. 48 మందిని తీసుకుని కొందరికి రోజూ నాలుగు గంటలు, కొందరికి ఆరు, కొందరికి ఎనిమిది గంటల నిద్ర అవకాశం రెండు వారాలు ఇచ్చారు. ఆరు గంటలవాళ్ల పనితీరు కూడా రోజురోజుకీ దిగజారి, చివరికి ఒకట్రెండు రాత్రులు అసలు నిద్రపోనివాళ్ల స్థాయికి చేరింది. నిద్ర వస్తోందా అని అడిగితే మాత్రం వాళ్ల జవాబు కొన్ని రోజులకే ఒక చోట ఆగిపోయింది, తమకి పెద్ద ఇబ్బంది లేదనే అనుకున్నారు. అలవాటయ్యేది నిద్రలేమి తెలియకపోవడం ఒక్కటే. విన్నాడు. నమ్మాడని మాత్రం అనుకోను.

కెమిస్టు కాబట్టి అతని చేతే ప్రయోగం చేయించాలనుకున్నాను. రాజ్యాంగంలోని ఆర్టికల్స్, సవరణలు కలిపి చెల్లెలు రెండు జాబితాలు తయారు చేసింది, ఒక్కోదాంట్లో ఇరవై. 352, 356, 360 లాంటి తేలిగ్గా కలిసిపోయేవి రెండింటిలోనూ సమానంగా పడేలా చూసింది. మొదటి జాబితా అతని పద్ధతిలో సీ షిఫ్టు దిగాక ఉదయం ఒక గంట. రెండోది ఏ షిఫ్టు వారంలో సాయంత్రం అరగంట చదివి, తొమ్మిదికల్లా పడుకుని, తెల్లవారుజామున బస్సులో కాగితం చూడకుండా ఒకసారి తనకి తానే అప్పజెప్పుకుని, రానివి మాత్రం చూసుకోవడం. ఒక్కోదానికి వారం గడిచాక చెల్లెలు అడిగింది. మొదటిదాంట్లో ఏడు వచ్చాయి, రెండోదాంట్లో పదిహేను. చదివిన టైము మొదటిదానికే ఎక్కువ.

శాస్త్రంగా చూస్తే ఇందులో లోపాలు బోలెడు. షిఫ్టు మారింది, పద్ధతీ మారింది, అప్పజెప్పుకోవడం వల్ల వచ్చిన లాభమెంతో నిద్ర వల్ల వచ్చిందెంతో విడదీయలేం. నాకు విడదీయాల్సిన పనీ లేదు. ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో 2016లో ఫ్రాన్స్‌లో మజ్జా బృందం చూపించింది. ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లకి స్వాహిలీ మాటలు నేర్పారు. ఒక గుంపు పొద్దున నేర్చుకుని అదే రోజు సాయంత్రం మళ్లీ చదివింది. ఇంకో గుంపు సాయంత్రం నేర్చుకుని, రాత్రి పడుకుని, పొద్దున మళ్లీ చదివింది. మధ్యలో నిద్రపోయినవాళ్లకి రెండోసారి నేర్చుకోవడానికి దాదాపు సగం శ్రమే పట్టింది. ఆరు నెలల తర్వాత కూడా వాళ్లకే ఎక్కువ గుర్తుంది. సాయంత్రం చదువు, రాత్రి నిద్ర, తెల్లారాక అప్పజెప్పుడు. మన ఇళ్లలో తాతలు ఎక్కాలు చెప్పించిన పద్ధతి దాదాపు ఇదే.

అమ్మ

మధ్యాహ్నం ఒంటి గంట సంగతి తేల్చడానికి అమ్మగారిని రమ్మన్నాను. ఆవిడ కూర్చోగానే, “రేత్రంతా డూటీ సేసొచ్చి మళ్లీ పుస్తకం పట్టుకుంటాడమ్మా. కడుపులో అన్నం లేకుండా పడుకుంటే నీరసం రాదా? అందుకే ఏడన్నం తినమని లేపుతాను” అన్నారు. ఆవిడ వైపు నుంచి అందులో తప్పేముంది? పొద్దున నుంచి వండి, వేడిగా పెడుతున్నారు. కానీ కొడుకు నిద్ర చిక్కబడే సమయానికే కుక్కరు విజిల్, టీవీ సీరియల్, ఆ తర్వాత అన్నం పిలుపు.

ఆవిడకి స్పిండిల్స్ గురించి చెప్పలేదు. ఆపరేషన్ అయినవాణ్ని నిద్రలోంచి లేపి అన్నం పెడతారా అని అడిగాను. నవ్వి, లేపనన్నారు. ఒప్పందం ఇలా కుదిరింది: ఉదయం ఏడుంబావుకే కడుపు నిండా టిఫిన్, హాట్‌బాక్స్‌లో అన్నం, అతనే లేచి తింటాడు. సీ షిఫ్టు వారంలో కుక్కరు ఆరున్నరలోపు లేదా రెండు దాటాక. కాలింగ్ బెల్ స్విచ్ ఆఫ్. గది కిటికీకి నల్లటి మందపాటి గుడ్డ. మేడ మీద స్లాబ్ వేడికి ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత భరించలేనిది, ఏసీ కొనే స్తోమత లేదు. చెల్లెలు గది కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి ఆ వారం గదులు మార్చుకున్నారు. ఈ మొత్తం వైద్యంలో దేనికి ఎక్కువ ఫలితం వచ్చిందంటే నేను ఈ గదుల మార్పిడి, ఆ హాట్‌బాక్స్ పేర్లే చెప్తాను.

షిఫ్టుకో పద్ధతి

అన్నిటికన్నా ముందు చెప్పింది బండి గురించి. బస్సు తప్పిన రోజున సీ షిఫ్టు దిగి పరవాడ నుంచి బైకు మీద వస్తున్నాడు, హైవే మీద లారీల మధ్య. ఒకసారి కన్ను మూతపడి తెరుచుకునేసరికి బండి పక్క లైనులో ఉందట. అది మానేస్తానని మాటిచ్చాకే మిగతావి మాట్లాడాను.

సీ షిఫ్టు వారం: దిగగానే నల్ల కళ్లద్దాలు, బస్సులో ఎండ పడని వైపు సీటు. ఇంటికొచ్చి పుస్తకం ముట్టుకోకూడదు. ఏడున్నర, ఎనిమిదికల్లా మంచం ఎక్కాలి. లేచాక పాత బిట్లు మాత్రమే, కొత్త చాప్టర్ వద్దు. నాలుగింటికి ఓ గంట కునుకు తీయొచ్చు. అది ఆరు దాటితే చాలామందికి ఎంత అలసటగా ఉన్నా నిద్ర పట్టదు, ఒంటి గడియారం ఆ సమయంలో మెలకువనే నిలబెడుతుంది. షిఫ్టు మొదటి సగంలోనే టీ తాగాలి. తాగిన కెఫీన్‌లో సగం కరగడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది కదా, తెల్లవారుజాము నాలుగింటి టీ ఎనిమిదింటి నిద్ర మీద పడుతుంది. ఆ నాలుగింటి టీ మానడమే అతనికి కష్టమైంది. శరీర ఉష్ణోగ్రత అట్టడుగున ఉండే సమయం అది, ఆ టీ దగ్గరే తోటివాళ్లతో నాలుగు కబుర్లు.

ఏ షిఫ్టు వారం: కొత్త చదువంతా ఇక్కడే. మధ్యాహ్నం కునుకు అలారం పెట్టుకుని అరగంట లోపు. ఐదు నుంచి ఎనిమిది దాకా కొత్త చాప్టర్, తొమ్మిదికి పడక. పొద్దున బస్సులో అప్పజెప్పుడు. చదివాక కొద్ది గంటల్లోనే నిద్ర వస్తే మేలని జర్మనీలో గైస్, బోర్న్ వాళ్లు 2006లో హైస్కూల్ పిల్లలకి విదేశీ మాటలు నేర్పించి చూపించారు. మేం ఈ వారాన్ని దాని మీదే నిలబెట్టాం.

బీ షిఫ్టు వారం పెద్దగా కదపలేదు. రాత్రి రెండు దాకా చదవడం ఆపి పన్నెండుకి పడుకోమన్నాను, పొద్దున చదువుకోమన్నాను, అంతే.

వారానికి చదివే గంటలు దాదాపు మూడో వంతు తగ్గాయి. పాకెట్ నోట్‌బుక్‌లో గంటల బదులు ‘పుస్తకం మూసి చెప్పగలిగినవి’ రాయమన్నాను. ఆ అంకె పెరుగుతుంటే మనసు కుదుటపడింది.

ఏం జరిగింది

రెండు చుట్లు షిఫ్టులు తిరిగేసరికి ఎప్‌వర్త్ స్కోరు తొమ్మిదికి దిగింది. గ్రాండ్ టెస్టుల్లో అతను పెట్టే బిట్ల సంఖ్య తగ్గింది, మార్కులు పెరిగాయి, అంటే కోత తగ్గింది. రెండు ఆప్షన్ల మధ్య ఊగడం తగ్గిందని తనే చెప్పాడు. ఇందులో బీ12 మాత్రల వాటా, అలర్జీ మాత్ర ఆపడం వాటా, భయం పోవడం వాటా ఎంతెంతో చెప్పలేను. తాతయ్య జబ్బు కాదని తెలిసిన రోజు నుంచే ముఖం మారింది. లాగ్‌బుక్‌లో మళ్లీ అలాంటి తప్పు రాలేదు.

హాల్ టికెట్ వచ్చాక మళ్లీ పాత దారి పట్టాడు. పది రోజులు రాత్రి రెండు దాకా చదివి, ఆ తర్వాత పడుకుందామన్నా నిద్ర పట్టక ఫోన్ చేశాడు. ఈసారి టెన్షన్ దేని గురించంటే, నిద్ర లేకపోతే మర్చిపోతామని నేనే చెప్పాను కదా, ఇప్పుడు నిద్ర పట్టట్లేదు, కాబట్టి అంతా పోయిందని. నిద్ర గొప్పదనం చెప్పేటప్పుడు మాలాంటివాళ్లు జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. 2019లో ఎంఐటీలో ఒక కెమిస్ట్రీ క్లాసులో దాదాపు వంద మంది విద్యార్థుల చేతికి ఫిట్‌బిట్‌లు కట్టి సెమిస్టరంతా నిద్ర కొలిచారు. పరీక్ష ముందు రోజు రాత్రి నిద్రకీ మార్కులకీ సంబంధం కనిపించలేదు. అంతకు ముందు వారాల్లో, ఆ పాఠాలు నేర్చుకుంటున్న రోజుల్లో పడిన నిద్రకి సంబంధం కనిపించింది. ఈ ఒక్క సంగతి అతనికి మందులా పనిచేసింది. నేర్చుకున్న రోజుల నిద్ర నీకు ఎప్పుడో జమైపోయింది, ముందు రాత్రి పట్టకపోయినా పరీక్ష రాయొచ్చు అన్నాను. పట్టింది కూడా, నాలుగు గంటలు. ప్రిలిమ్స్ గట్టెక్కాడు.

సీ షిఫ్టు వారం ఇంకా లొంగలేదు. నిద్ర మూడున్నర నుంచి ఐదున్నర గంటలకి పెరిగింది, అంతకు మించి పెరగదు. అతని రోస్టర్ సీ, బీ, ఏ వరసలో వెనక్కి తిరుగుతుంది. ఏ, బీ, సీ అని ముందుకి తిరిగితే శరీరం తేలిగ్గా సర్దుకుంటుందని 1982లోనే అమెరికాలో యూటా రాష్ట్రంలోని ఒక ఖనిజాల కర్మాగారంలో సైస్లర్ బృందం కార్మికుల మీద చూపించింది. ఆ కాగితం పట్టుకుని షిఫ్టు ఇన్‌చార్జిని అడుగుతానన్నాడు. అడిగాడు, అందరి రోస్టరూ మార్చడం కుదరదన్నారట. ఒక స్నేహితుడితో అప్పుడప్పుడూ షిఫ్టు మార్చుకుంటున్నాడు. ఉద్యోగం మానేసి చదవమంటారా అని ఒకసారి అడిగాడు. ఆ ఇంట్లో వచ్చే జీతం అదొక్కటే, ఆ జవాబు నా దగ్గర లేదన్నాను.

మొన్న మెయిన్స్‌కి కొత్త టైమ్‌టేబుల్ వేసుకుని వచ్చాడు. సీ షిఫ్టు వారం ఎదురుగా ‘కొత్త చాప్టర్లు లేవు’ అని తనే రాసుకున్నాడు. దాని కింద పెన్సిల్‌తో చిన్నగా ‘కరెంట్ అఫైర్స్ తప్ప’ అని ఉంది. ప్రస్తుతం దాని గురించే మా మధ్య బేరం నడుస్తోంది.